సామాను మనది, బిగింపు షాపుది: రాజోలు వైపు పీసీ అసెంబ్లీ చేయించేముందు ఏమేం చూసుకోవాలి?

రాజోలు స్టూడియో

అందరికీ నమస్కారమండి. పెళ్లి వీడియోల ఎడిటింగుకి, ఆల్బమ్ డిజైనింగుకి కొత్త పీసీ కట్టిస్తున్నాం. సామాను మేమే కొని, బిగింపు మాత్రం షాపులో చేయిద్దామని ఆలోచన. కొన్ని ఆన్‌లైన్ సేల్‌లో తీసుకున్నవి, కొన్ని సికింద్రాబాద్ కంప్యూటర్ బజారు చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి తెప్పించినవి.

చేతిలో ఉన్నవి: రైజెన్ 7 9700ఎక్స్ ప్రాసెసర్ బాక్స్ పీస్, ఒక బి650ఎం మదర్‌బోర్డు, డీడీఆర్5 6000 ర్యామ్ 16 జీబీ స్టిక్కులు రెండున్న కిట్టు ఒకటి, 1 టీబీ జెన్4 ఎన్‌వీఎంఈ (వేగంగా పనిచేసే చిన్న స్టోరేజీ డ్రైవ్), 650 వాట్ల సెమీ మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటిచ్చే పవర్ సప్లై), ఆర్‌టీఎక్స్ 4060 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు. ఏటీఎక్స్ కేబినెట్ దారిలో ఉంది. ర్యామ్ 64 చేయడానికి ఇంకో కిట్టు ఆర్డర్ పెట్టాలి. పాత పీసీలో ఉన్న 4 టీబీ హార్డ్‌డిస్కు, 600 వీఏ యూపీఎస్ ఇందులోకే వాడుకుంటాం.

అమలాపురంలో అడిగితే "మా దగ్గర కొంటేనే బిగిస్తాం" అన్నారు. పాలకొల్లులో ఒకరు 2,000 అడిగారు, పార్టు పోతే సంబంధం లేదని ముందే చెప్పారు. రాజమండ్రిలో 1,500, కానీ సామాను ఇచ్చేసి రెండ్రోజుల తర్వాత రమ్మంటున్నారు. ఏది మేలు? షాపుకి వెళ్లేముందు మేం చూసుకోవలసినవేంటి? పాలకొల్లులో చేయిస్తే చించినాడ వంతెన మీదుగా మళ్లీ రాజోలు తెచ్చుకోవాలి, ఎలా తేవాలో కూడా చెప్పండి.

పాలకొల్లు బెంచ్

ముందు లిస్టు సంగతి. మీ సామానులో సీపీయూ కూలర్ లేదు. 9700ఎక్స్ బాక్సులో కూలర్ రాదండి, ప్రాసెసర్ ఒక్కటే వస్తుంది. పాత పీసీ కూలర్ వాడుకుందామంటే ఒకటి చూడాలి: ఏఎమ్5 (మీ ప్రాసెసర్ కూర్చునే సాకెట్ రకం, ఏఎమ్4 దానికి ముందుది) బోర్డుకి వెనక ఉండే ఇనుప ప్లేటు సాకెట్‌ని కూడా పట్టి ఉంచుతుంది, దాన్ని తీయకూడదు. ఆ ప్లేటులోకే స్క్రూలు వేసే రకం ఏఎమ్4 కూలర్లు దీనికి సరిపోతాయి. సొంత వెనక ప్లేటుతో వచ్చే రకం కుదరదు. ఈ ప్రాసెసర్ 65 వాట్లది, పూర్తి లోడులో సాకెట్ దగ్గర 88 వాట్ల వరకూ తీసుకుంటుంది. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న ఒక్క టవర్ కూలర్ చాలు, నీళ్ల కూలర్ అక్కర్లేదు. టవర్ కూలర్లు చాలావరకు 150 నుంచి 160 మిల్లీమీటర్ల ఎత్తుంటాయి. మీ కేబినెట్ వివరాల్లో సీపీయూ కూలర్ గరిష్ఠ ఎత్తు ఎంతో చూసి దానికి లోపు కొనండి. ఈ కొలత చూడకపోతే అంతా బిగించాక పక్క తలుపు మూసుకోదు.

రెండోది బయోస్, అంటే పీసీ ఆన్ అవగానే ముందు నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్. 9000 సిరీస్ వచ్చింది 2024 ఆగస్టులో. బి650 బోర్డులు అంతకు చాలా ముందు నుంచి ఉన్నాయి. మీ బోర్డు పాత స్టాకైతే అందులోని బయోస్‌కి 9700ఎక్స్ తెలియదు. ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మీద ఏమీ రాదు. దీన్ని చూసి బోర్డు పోయిందనో ప్రాసెసర్ పోయిందనో అనుకుని రిటర్న్ పెట్టేవాళ్లు చాలామంది. డబ్బా మీద రైజెన్ 9000కి సిద్ధం అనే స్టిక్కరు ఉందేమో చూడండి. లేకపోతే బోర్డు వెనక యూఎస్‌బీ పోర్టుల పక్కన బయోస్ ఫ్లాష్ బటన్ ఉందేమో చూడండి. అన్ని బి650 బోర్డులకీ ఆ బటన్ ఉండదు. ఉంటే ప్రాసెసర్, ర్యామ్ పెట్టకుండానే అప్‌డేట్ చేయొచ్చు. పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, కంపెనీ సైట్ నుంచి మీ బోర్డు మోడల్‌కి సరిగ్గా సరిపడే ఫైలు దించి, వాళ్లు చెప్పిన పేరే పెట్టాలి. ఎంఎస్‌ఐ అయితే ఎంఎస్‌ఐ డాట్ రోమ్, గిగాబైట్ అయితే గిగాబైట్ డాట్ బిన్. ఎసుస్‌కి ఫైలుతో పాటు పేరు మార్చే చిన్న ప్రోగ్రామ్ వస్తుంది. పెన్‌డ్రైవ్ గుర్తు వేసి ఉన్న పోర్టులోనే పెట్టాలి, పక్కదాంట్లో పెడితే పని చేయదు. 24 పిన్నుల పవర్ కేబులు, సీపీయూ 8 పిన్నుల కేబులు రెండూ తగిలించి, ఎస్‌ఎంపీఎస్ స్విచ్ వేసి, బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే లైటు మిణుకుతుంది. ఆ మిణుకు ఆగేదాకా కరెంటు పోకూడదు. అందుకే ఇది యూపీఎస్ మీదే చేయాలి. బటన్ లేని బోర్డైతే 7000 సిరీస్ ప్రాసెసర్ ఒకటి పెట్టి అప్‌డేట్ చేయాలి, అది షాపువాళ్ల దగ్గరుంటేనే అవుతుంది. షాపు ఎంచుకునేముందు ఈ ప్రశ్న ఫోన్‌లో అడగండి. దానికి వచ్చే జవాబును బట్టే అవతలివాళ్లకి పని ఎంత తెలుసో సగం తెలిసిపోతుంది.

ఇక మీరడిగిన మూడు షాపుల్లో నేనైతే పాలకొల్లుదే చెబుతాను. మా ఊరని కాదు. మీ కళ్లముందు పని జరగాలి. సామాను కస్టమర్‌ది అయినప్పుడు రెండ్రోజులు వదిలేసి వెళ్లడం మీకూ మంచిది కాదు, షాపుకీ మంచిది కాదు. సాకెట్‌లో పిన్ను వంగి కనిపిస్తే అది డబ్బాలోంచే అలా వచ్చిందా, బిగించేటప్పుడు వంగిందా అని తేల్చేవాళ్లు ఉండరు.

"పార్టు పోతే సంబంధం లేదు" అనడంలో తప్పేమీ లేదు, కాకపోతే అది సగం మాట. పార్టులో ముందే ఉన్న లోపానికి షాపుకి సంబంధం లేదు, నిజమే. బిగించేటప్పుడు చేతిలో పాడైనదానికి మాత్రం ఉంది. ఆ తేడా డబ్బాలు విప్పకముందే మాట్లాడుకోవాలి.

దానికి మార్గం బయటి టెస్టు. కేబినెట్‌లో ఏదీ బిగించకముందే మదర్‌బోర్డు డబ్బా మీద బోర్డు పెట్టి, ప్రాసెసర్, కూలర్, ఒక ర్యామ్ స్టిక్కు, ఎస్‌ఎంపీఎస్ వీటితోనే బయోస్ తెర వరకూ తీసుకురావాలి. 9700ఎక్స్‌లో చిన్న గ్రాఫిక్స్ ఉంది కాబట్టి కార్డు లేకుండానే బోర్డు హెచ్‌డీఎంఐకి మానిటర్ పెట్టి చూడొచ్చు. అక్కడ బొమ్మ వచ్చిందంటే బోర్డుతో సహా అవన్నీ పని చేస్తున్నట్టే. ఆ తర్వాత కార్డు పెట్టి మళ్లీ చూడాలి. ఇలా చేయకుండా నేరుగా కేబినెట్‌లో బిగించేస్తే, బొమ్మ రానప్పుడు తప్పు ఎక్కడుందో వెతకడానికే పూట గడిచిపోతుంది.

బెంచి మీద మీరు కన్నేసి ఉంచాల్సినవి చెబుతాను. బోర్డు డబ్బా తెరిచి సాకెట్ మూత ఎత్తిన వెంటనే ఫోన్ టార్చి ఏటవాలుగా వేసి పిన్నుల ఫొటో తీయండి. వరుసలన్నీ ఒకేలా మెరవాలి. ఒకచోట మెరుపు వేరుగా ఉంటే పిన్ను వంగినట్టు, అక్కడే ఆపేసి రిటర్న్ పెట్టండి. ప్రాసెసర్ మూల త్రికోణం, సాకెట్ మూల త్రికోణం కలిపి, పైనుంచి నిటారుగా దించాలి, జరపకూడదు. మీట నొక్కేటప్పుడు గట్టిగానే ఉంటుంది, భయం లేదు. నల్ల ప్లాస్టిక్ మూత మీట పడ్డాక ఊడి వస్తుంది. ఆ మూత పారేయకండి. సాకెట్ మూత లేకుండా పంపిన బోర్డుని వారంటీ కింద తీసుకోవడానికి సర్వీస్ సెంటర్లు పేచీ పెడతాయి.

ప్రాసెసర్, కూలర్ మధ్య వేసే పేస్టు శనగగింజంత చాలు. కూలర్ అడుగున అంటించి ఉన్న పారదర్శక పొర తీయడం మర్చిపోవడం ఎక్కువగా జరిగే పొరపాటు. ఎన్‌వీఎంఈ మీద వేసే హీట్‌సింక్‌కీ అలాంటి పొరే ఉంటుంది. ర్యామ్ ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగు స్లాట్లలో పెట్టాలి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు డీడీఆర్5 ర్యామ్‌ని బోర్డు పరీక్షించుకుంటుంది. కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉంటుంది, డీరామ్ అనే లైటు వెలుగుతూ ఉంటుంది. పది, పదిహేను నిమిషాలు ఆగాలి. కంగారుపడి మధ్యలో కరెంటు తీస్తే మళ్లీ మొదటికొస్తుంది.

కేబినెట్‌లో బోర్డు కింద, దాన్ని రేకుకి తగలకుండా ఎత్తి పట్టే చిన్న ఇత్తడి స్టాండాఫ్‌లుంటాయి. మీ బోర్డు మైక్రో ఏటీఎక్స్ (చిన్న సైజు), కేబినెట్ ఏటీఎక్స్ (పెద్ద సైజు). బోర్డుకి రంధ్రం ఉన్న ప్రతిచోటా ఒకటుండాలి. రంధ్రం లేనిచోట బోర్డు కిందకి వచ్చేది ఏదైనా ఉంటే తీసేయాలి. అది వెనకవైపు టంకాలకి ఆనితే షార్టవుతుంది. వెనక పోర్టుల రేకు బోర్డుకి విడిగా వస్తే దాన్ని ముందే నొక్కి పెట్టుకోవాలి, అంతా అయ్యాక గుర్తొస్తే బోర్డు మళ్లీ విప్పాలి.

పాత హార్డ్‌డిస్కు గురించి ఒక్కమాట గట్టిగా. పాత ఎస్‌ఎంపీఎస్ తాలూకు సాటా పవర్ కేబుల్ (హార్డ్‌డిస్కుకి కరెంటిచ్చేది) కొత్తదానికి వాడొద్దు. డ్రైవ్ వైపు కనెక్టర్ అన్నిటికీ ఒకటే, ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరస మాత్రం కంపెనీకో తీరు. సాకెట్‌లో చక్కగా దూరుతుంది, 5 వోల్టులు రావాల్సిన తీగలో 12 వస్తాయి, డ్రైవ్ కాలిపోతుంది. అందులో నాలుగేళ్ల పెళ్లిళ్ల ఫుటేజీ ఉంటే తిరిగి తెచ్చుకోవడం ఇక కష్టం. కొత్త ఎస్‌ఎంపీఎస్ డబ్బాలో వచ్చిన కేబులే వాడాలి. మిగిలిన కేబుళ్లన్నీ ఆ డబ్బాలోనే దాచండి.

తణుకు హార్డ్‌వేర్

పైన చెప్పినవాటికి కాగితం పని కలుపుతాను. మన ప్రాంతంలో గొడవలు ఎక్కువగా ఇక్కడే వస్తున్నాయి.

బిల్లులో మీ పేరు, సీరియల్ నంబరు ఉన్నాయా చూడండి. చేతిరాత ఎస్టిమేట్ మీద కొన్న కార్డుకి ఆరు నెలలకి ఏదైనా వస్తే సర్వీస్ సెంటర్లో నిలబడటం కష్టం. డబ్బా మీది సీరియల్, పార్టు మీది సీరియల్ ఒకటేనా అని డబ్బా తెరిచిన వెంటనే పోల్చండి. ఆన్‌లైన్‌వి అయితే పార్సెల్ చిరునామా కాగితం కనిపించేలా మొదలుపెట్టి, సీలు కోయడం, పార్టు తీయడం, సీరియల్ దగ్గరగా చూపించడం దాకా ఆపకుండా ఒకే వీడియో తీయాలి. మధ్యలో కట్ అయితే అది సాక్ష్యంగా చెల్లదు.

సేల్‌లో విడివిడిగా కొనేవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. రీప్లేస్‌మెంట్ గడువు చాలావాటికి కొద్ది రోజులే. బోర్డు ఈ నెల, ప్రాసెసర్ వచ్చే నెల కొంటే, టెస్టు చేసేసరికి బోర్డు గడువు అయిపోతుంది. అప్పుడు ఇక కంపెనీ వారంటీయే గతి. దానికి విజయవాడకో విశాఖకో హైదరాబాదుకో పంపుకుని వారాలు ఎదురుచూడాలి. మీ దగ్గర కూలర్ లేక ఆగిపోయిన ప్రతి రోజూ మిగతావాటి గడువు కరుగుతున్నట్టే. కూలర్ ఇవాళే తీసుకోండి. కేబినెట్ కోసం ఆగనక్కర్లేదు, అది లేకపోయినా బయటి టెస్టు అయిపోతుంది.

షాపుతో ఒక చీటీ రాయించుకోండి, రెండు కాపీలు. పార్టు పేరు, సీరియల్ నంబరు, తెరిచినప్పుడు ఎలా ఉంది, బయటి టెస్టులో బొమ్మ వచ్చిందా లేదా, బిగింపు ధర ఎంత, అందులో ఏమేం కలిసి ఉన్నాయి. 2,000 లో కేబుళ్లు వెనకవైపు సర్దడం, బయోస్ అప్‌డేట్, విండోస్, డ్రైవర్లు, లోడు టెస్టు ఇవన్నీ ఉంటే ఎక్కువేమీ కాదు. 1,500 చెప్పి విండోస్‌కి వేరే, బయోస్‌కి వేరే అంటే అదే ఎక్కువ. వదులైన కనెక్టర్, ఫ్యాన్ చప్పుడు లాంటి బిగింపు లోపాలకి పదిహేను రోజులు ఉచితంగా చూస్తామని రాయించుకోండి. మంచి షాపువాళ్లు దీనికి కాదనరు, ఎందుకంటే ఆ చీటీ వాళ్లనీ కాపాడుతుంది.

అమలాపురం షాపు వద్దనడంలో కూడా వాళ్ల లెక్క ఉందండి. వాళ్లకి పార్టు మీద వచ్చే మార్జినే జీతం. బిగింపు డబ్బులు రోజంతా ఒక మనిషి కూర్చున్నదానికి సరిపోవు. అందుకని మీరు ఎలాగూ కూలర్ కొనాలి, మీ పాత 600 వీఏ యూపీఎస్ కూడా ఈ పీసీకి చాలకపోవచ్చు కాబట్టి ఆ రెండూ బిగించే షాపులోనే కొంటామని చెప్పి చూడండి. మాట తీరు మారుతుంది.

విండోస్ మాత్రం కాపీది వేయించుకోకండి. క్రాక్ చేసిన ఐఎస్‌ఓలో (విండోస్ ఇన్‌స్టాల్ ఫైలులో) ఏముందో వేసినవాళ్లకి కూడా తెలియదు, అందులో కస్టమర్ల ఫొటోలు పెట్టుకుంటారు మీరు. పాత పీసీకి రిటైల్ లైసెన్సు కొని ఉంటే దాన్ని కొత్తదానికి మార్చుకోవచ్చు. పీసీతో పాటే వచ్చిన ఓఈఎం లైసెన్సు అయితే మారదు.

భీమవరం ఎడిటర్

ర్యామ్ రెండో కిట్టు ఆర్డర్ పెట్టకండి దయచేసి. ఏఎమ్5లో నాలుగు స్లాట్లూ నింపితే ఏఎమ్‌డీ హామీ ఇచ్చే వేగం 3600 మాత్రమే. 6000 అని రాసి ఉన్నా నాలుగు స్టిక్కులతో ఆ వేగంలో నిలకడగా నడవడం అదృష్టమే. కొన్నిసార్లు అసలు బొమ్మే రాదు, వచ్చినా రెండర్ మధ్యలో ప్రోగ్రామ్ మూసుకుపోతుంది. అది సాఫ్ట్‌వేర్ తప్పనుకుని తిరిగి తిరిగి ఇన్‌స్టాల్ చేస్తూ కూర్చుంటారు. ఉన్న కిట్టు గడువులో ఉంటే రిటర్న్ ఇచ్చి 32 జీబీ స్టిక్కులు రెండున్న ఒకే కిట్టు తీసుకోండి. గడువు దాటిపోతే 32 తోనే మొదలుపెట్టండి. 4కే టైమ్‌లైన్‌కి ప్రాక్సీ ఫైళ్లు (ఎడిటింగుకి వాడే తేలికైన నకళ్లు) చేసుకుంటే 32 తో పెళ్లి వీడియో సాఫీగానే కదులుతుంది. తర్వాత అమ్మి మార్చుకోవచ్చు.

1 టీబీ ఎన్‌వీఎంఈ ఒక్కటే అయితే విండోస్, సాఫ్ట్‌వేర్, కాష్ (తాత్కాలిక ఫైళ్లు), నడుస్తున్న ప్రాజెక్టు అన్నీ దాని మీదే పడతాయి. ఒక్క పెళ్లికి రెండు కెమెరాలు, డ్రోను కలిపి 300 నుంచి 500 జీబీ వస్తుంటే సీజన్‌లో ఎన్ని పెళ్లిళ్లు పడతాయో చూసుకోండి. బోర్డులో రెండో ఎం.2 స్లాట్ (ఎన్‌వీఎంఈ పెట్టే చోటు) ఉంటే ప్రాజెక్టులకి వేరే ఎన్‌వీఎంఈ పెట్టండి. 4 టీబీ హార్డ్‌డిస్కు దాచుకోవడానికి మాత్రమే, దాని మీద పెట్టి ఎడిట్ చేయొద్దు. కొన్ని బోర్డుల్లో ఒక ఎం.2 స్లాట్ వాడితే ఒకటో రెండో సాటా పోర్టులు ఆగిపోతాయి. మాన్యువల్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది, హార్డ్‌డిస్కు కనిపించకపోతే ముందు అదే చూడండి.

అమలాపురం ఎలక్ట్రికల్

ఎర్తింగ్ గురించి ఎవరూ ఎత్తలేదు. కేబినెట్ ముట్టుకుంటే జుమ్మంటోందని వచ్చే కంప్లయింటుకి ఎస్‌ఎంపీఎస్ మార్చేస్తారు, తప్పు అక్కడ ఉండదు. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి బాడీకి చిన్న ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ తీగ లేకపోతే బాడీ మీద సప్లైలో సగం, అంటే 110, 115 వోల్టులు తేలుతూ ఉంటాయి. కరెంటు తక్కువే కాబట్టి జుమ్మని ఊరుకుంటుంది. కానీ ఆ స్థితిలో హెచ్‌డీఎంఐ కేబులో యూఎస్‌బీ కేబులో పెడుతున్నప్పుడు పోర్టు పోయే ప్రమాదం ఉంది.

మీటరుతో స్టూడియో సాకెట్ దగ్గర మూడు కొలతలు తీయించండి. ఫేజ్‌కి న్యూట్రల్‌కి 230 దరిదాపు, ఫేజ్‌కి ఎర్త్‌కి దాదాపు అంతే, న్యూట్రల్‌కి ఎర్త్‌కి 2, 3 వోల్టులకి లోపు. మూడోది పదులలో ఉంటే ఎర్త్ తెగినట్టో, ఎర్త్ పిట్‌లోని పైపు తుప్పు పట్టినట్టో. మన నేలలో తేమ ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఎర్త్ బాగా దొరుకుతుంది. కానీ ఆ తేమ, ఉప్పే నేలలో పాతిన జీఐ (జింకు పూత ఇనుప) పైపుని తినేస్తాయి. పైన క్లాంపు దగ్గర తెల్లగా పొడి పేరుకుని ఉంటే విప్పి గీకి కొత్త బోల్టు వేయించండి. రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద పీసీ పెట్టవద్దు.

యూపీఎస్: 600 వీఏ అంటే చాలా మోడళ్లలో 360 వాట్లే. ప్రాసెసర్ 88, 4060 కార్డు 115, బోర్డు, డిస్కులు, ఫ్యాన్లు కలిపి 50 నుంచి 60, మానిటర్ 30. రెండర్ పెట్టినప్పుడు దాదాపు 300. ఎస్‌ఎంపీఎస్‌లో పోయే నష్టం కలిపితే అంచుకి వస్తుంది, పాత బ్యాటరీ అయితే కరెంటు పోయిన క్షణమే పీసీ కూడా ఆరిపోతుంది. 1000 వీఏ, 600 వాట్లది తీసుకోండి. ఇంట్లో ఇన్వర్టర్ మీద నడుపుదామంటే అది సైన్ వేవ్ అయి ఉండాలి, యూపీఎస్ మోడ్‌లో పెట్టాలి. కరెంటు ఆగినా ఎస్‌ఎంపీఎస్ తట్టుకునేది సుమారు 16, 17 మిల్లీసెకన్లే. మామూలు ఇన్వర్టర్ మోడ్‌లో మారడానికి అంతకంటే ఎక్కువ పడుతుంది, పీసీ రీస్టార్ట్ అవుతుంది.

చేపల, రొయ్యల చెరువులకి కరెంటిచ్చే ఫీడర్ మీద ఉన్న ఊళ్లలో రాత్రి ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే మోటర్లు) అన్నీ ఒకేసారి తిరిగేటప్పుడు వోల్టేజి పడుతుంది. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మీద ఇన్‌పుట్ 100-240 అని ఉంటే ఇబ్బంది లేదు. 200-240 అని ఉంటే ఆ వేళల్లో ఆగిపోవచ్చు.

రాజోలు స్టూడియో

చాలా ధన్యవాదాలండి అందరికీ. ర్యామ్ కిట్టు రిటర్న్ గడువులోనే ఉంది, 32 జీబీ స్టిక్కులున్న కిట్టుకి మార్చేస్తున్నాం. కూలర్ ఆర్డర్ అయిపోయింది. బోర్డు వెనక ఫ్లాష్ బటన్ ఉంది, డబ్బా మీద స్టిక్కరు మాత్రం లేదు. పాలకొల్లు షాపుకి ఫోన్ చేశాం, ఎదురుగానే బిగిస్తామన్నారు, చీటీకి కూడా ఒప్పుకున్నారు.

రెండు సందేహాలు. బిగించాక షాపులో ఎంతసేపు ఏం టెస్టు చేయించాలి? బైకు మీద ముందు పెట్టుకుని తేవచ్చా, కారు మాట్లాడుకోవాలా? స్టూడియోలో ఏసీ ఉంది, సముద్రం దగ్గరే కాబట్టి తేమ సంగతి కూడా చెప్పండి.

పాలకొల్లు బెంచ్

కారే. బైకు మీద వద్దండి. టవర్ కూలర్, 4060 కార్డు రెండూ బోర్డుకి అడ్డంగా వేలాడుతూ ఉంటాయి. గతుకు పడ్డ ప్రతిసారీ ఆ బరువంతా స్లాటు మీద, సాకెట్ మీద పడుతుంది. కారులో వెనక సీటు మీద దుప్పటి పరిచి, అద్దం తలుపు పైకి వచ్చేలా కేబినెట్‌ని పడుకోబెట్టండి. అప్పుడు బోర్డు నేలకి సమాంతరంగా ఉంటుంది, కూలర్ నిటారుగా నిలబడుతుంది, కార్డు స్లాట్‌లోకి నొక్కుకుని ఉంటుంది. ఇంకా జాగ్రత్త కావాలంటే కార్డు విప్పించి దాని డబ్బాలోనే తెచ్చుకుని ఇంటి దగ్గర పెట్టుకోండి. ఒక స్లాటు, రెండు స్క్రూలు, ఒక 8 పిన్నుల కేబులు, అంతే పని. ఆ కేబులు 6+2 అని విడిపోయేది. 4+4 గా విడిపోయేది సీపీయూది, దాన్ని కార్డుకి బలవంతంగా తోయకూడదు. ఇంటికొచ్చాక మానిటర్ కేబుల్ కార్డుకే పెట్టాలి, బోర్డుకి కాదు.

టెస్టుకి షాపులో రెండు గంటలు కూర్చోండి. ముందు బయోస్‌లో ర్యామ్ మొత్తం 64 కనిపిస్తోందా, రెండు ఛానెళ్లూ ఉన్నాయా చూసి, ఎక్స్‌పో (ర్యామ్‌ని దాని మీద రాసిన వేగంలో నడిపే సెట్టింగు) ఆన్ చేసి వేగం 6000కి వచ్చిందో లేదో చూడండి. విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరిస్తే ఎన్‌వీఎంఈ ఎన్ని గంటలు నడిచిందో చెబుతుంది. కొత్తది అయితే సున్నా, ఒకటి, రెండు అలా ఉంటుంది. వందల్లో ఉంటే అది వాడేసినది. తర్వాత వేడి ఎంతో చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో పక్కన పెట్టుకుని, ప్రాసెసర్‌కి లోడు ఇచ్చే సినీబెంచ్ పది నిమిషాలు నడిపించండి. ఈ ప్రాసెసర్ హద్దు 95 డిగ్రీలు. మన ఎండాకాలం గదిలో కూడా 85 దాటకుండా ఉండాలి. మొదటి అర నిమిషంలోనే 95కి ఎగబాకితే కూలర్ పొర తీయలేదనో, స్క్రూలు ఒకవైపే బిగిశాయనో అర్థం. స్క్రూలు ఎదురెదురు మూలల్లో కొద్దికొద్దిగా బిగించుకుంటూ రావాలి. కార్డుకి లోడు ఇచ్చే ఫర్‌మార్క్ పది నిమిషాలు చాలు.

ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 మాత్రం షాపులో అవదు, 64 జీబీకి గంటలు పడుతుంది. ఇంటి దగ్గర మొదటి రాత్రే పెన్‌డ్రైవ్ నుంచి పెట్టి పడుకోండి. పొద్దున్నకి ఒక్క ఎర్రర్ ఉన్నా ఎక్స్‌పో తీసేసి టెస్టు మళ్లీ పెట్టండి. ఎక్స్‌పో తీసినా ఎర్రర్ వస్తే స్టిక్కు రిటర్న్. ఒకటి, రెండు ఎర్రర్లే కదా అని వదిలేస్తే ఫొటో ఫైళ్లు ఒక్కొక్కటిగా పాడవుతాయి, అది నెలల తర్వాత గానీ తెలియదు.

విండోస్ వేసేటప్పుడు కొన్నిసార్లు లాన్ (కేబులు ఇంటర్నెట్) కార్డునీ వైఫైనీ గుర్తించదు. బోర్డు కంపెనీ సైటులోని లాన్ డ్రైవర్ ముందే పెన్‌డ్రైవ్‌లో దించుకుని వెళ్లండి.

తేమ విషయం. నడుస్తున్న పీసీకి తేమతో పెద్ద బాధ లేదు, దాని వేడే దాన్ని ఆరబెడుతుంది. చల్లగా ఉన్న పార్టుని వేడి, తేమ గాలిలోకి తెచ్చినప్పుడే నీరు పడుతుంది. ఏసీ కారులోంచి దించిన వెంటనే డబ్బా తెరవకండి, ఆన్ చేయకండి. గది వేడికి వచ్చేదాకా గంట, రెండు గంటలు మూసి ఉంచండి. ఆఫ్ సీజన్‌లో కూడా వారానికి రెండు మూడు రోజులైనా గంటసేపు నడపండి. వారాల తరబడి మూసి ఉంచిన పీసీల్లోనే అంతర్వేది, ఓడలరేవు వైపు ర్యామ్ బంగారు పళ్ల మీద మచ్చలు వస్తాయి. అలా వస్తే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తటి గుడ్డ తడిపి తుడవాలి. తెల్ల రబ్బరుతో నెమ్మదిగా రుద్దినా పోతాయి, రబ్బరు పొడి స్లాట్‌లో పడకుండా చూసుకోండి.

వానాకాలంలో చీమలు వెచ్చదనం కోసం ఎస్‌ఎంపీఎస్‌లో చేరతాయి, బల్లులు వెనక ఖాళీ స్లాట్ల సందుల్లోంచి దూరతాయి. కేబినెట్‌తో వచ్చే స్లాట్ రేకులు ఒక్కటి కూడా పారేయకుండా బిగించమని చెప్పండి. పీసీని నేల మీద కాకుండా అడుగు ఎత్తు బల్ల మీద, గోడకి జానెడు దూరంలో పెట్టండి. కింద ఫిల్టర్ నెలకోసారి తీసి దులిపితే చాలు.

రాజోలు స్టూడియో

అర్థమైందండి. ఇంకొక్కటి: బయోస్ ఫ్లాష్ చేసేటప్పుడు లైటు మిణుకుమనడం రెండు మూడు సెకన్లకే ఆగిపోతే?

పాలకొల్లు బెంచ్

అంటే పెన్‌డ్రైవ్ చదవలేదని. అప్‌డేట్ మొదలే కాలేదు, బోర్డుకి ఏమీ అవ్వదు. ముందు ఫైలు పేరు చూడండి, విండోస్ చివరి అక్షరాలు దాచేస్తుంది కాబట్టి పేరులో డాట్ రోమ్ రెండుసార్లు పడి ఉండొచ్చు. ఫైలు ఫోల్డర్‌లో కాకుండా బయటే ఉండాలి. ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ అయి ఉంటే ఫ్యాట్32కి మార్చండి. ఇవన్నీ సరిగా ఉన్నా అదే తీరైతే పెన్‌డ్రైవ్ మార్చండి, 32 జీబీ లోపు ఉన్న పాత యూఎస్‌బీ 2 పెన్‌డ్రైవ్‌లు దీనికి బాగా పని చేస్తాయి. షాపుకి వెళ్లేటప్పుడు రెండు పట్టుకెళ్లండి, ఒకదాంట్లో బయోస్, ఇంకోదాంట్లో విండోస్, లాన్ డ్రైవర్.